వేలు పెట్టే ముందు చదివి వినిపించండి

"గిరిజనులకు టెక్నాలజీ తెలియదు." ఈ మాట మేం ఎన్ని ఆఫీసుల్లో విన్నామో లెక్కలేదు. ఉపాధి మస్టర్‌లో పేరు పడకపోతే ఇదే మాట. డిపోలో బియ్యం రాకపోతే ఇదే మాట. రావలసిన డబ్బు ఎప్పుడో మరిచిపోయిన ఖాతాలో పడినా ఇదే మాట. ఆ తర్వాత ఒక అవగాహన సదస్సు పెడతారు. ఒక ఫ్లెక్సీ కడతారు, ఒక అధికారి మాట్లాడతాడు, ఫొటో తీస్తారు, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపిస్తారు. మర్నాడు అదే యాప్, అదే తెర, అదే అర్థంకాని మాట.

మేం ఈ మాటను ఒప్పుకోం. అర్థం కాకపోవడం మా లోపం కాదు. అర్థం కాకుండా తయారుచేసినవాళ్ల లోపం. ఇంకా చెప్పాలంటే దాన్ని లోపం అనడం కూడా మెత్తని మాటే. మనిషికి తన హక్కు గురించి తనకే అర్థంకాని తెరను ముందుపెట్టి వేలు నొక్కించుకోవడం అన్యాయం. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఇదే.

మాకు అర్థమయ్యే యంత్రం తయారుచేయడం ఈ దేశానికి చేతకాదా? చేతనవును. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలను గుర్తు తెచ్చుకోండి. సుమారు 17 కోట్ల మంది ఓటర్లు. అందులో ఎక్కువమంది అక్షరం ముక్క రానివాళ్లు. ముందు వీళ్లకు చదువు నేర్పుదాం, ఆ తర్వాత ఓటు ఇద్దాం అని ఎవరూ అనలేదు. అభ్యర్థులకు గుర్తులు ఇచ్చారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద ఆ గుర్తు అంటించారు. ఎడ్లజత, గుడిసె, సింహం. చూసినవాడికి తెలిసిపోయింది. తర్వాత ఓటింగ్ యంత్రం వచ్చింది. గుర్తు, దాని పక్కనే ఒక బటన్. నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది, కూత వినపడుతుంది. తన ఓటు ఎక్కడ పడిందో ఓటరుకు తెలియాలంటే కాగితం రుజువు ఉండాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత వీవీప్యాట్ వచ్చింది. నొక్కిన గుర్తు అద్దం వెనక 7 సెకన్లు కనపడుతుంది.

మా కొండల్లో చదువురాని ముసలమ్మ కూడా ఆ యంత్రం దగ్గర తడబడదు. ఆమెకు ఎవరూ ఏ కోర్సూ నేర్పలేదు. యంత్రమే ఆమెకు తగ్గట్టు వచ్చింది. ఆమెకు తెలిసిన బొమ్మ చూపించింది, ఒక్క పనే అడిగింది, ఆ పని జరిగిందని చెప్పింది. ఈ మూడే కావలసినవి. ఓటు కావలసినప్పుడు ఈ మూడూ కుదిరాయి. కూలి ఇవ్వవలసి వచ్చేసరికి, బియ్యం ఇవ్వవలసి వచ్చేసరికి ఇందులో ఒక్కటీ కుదరలేదు. అదే ముసలమ్మ డిపో దగ్గర, బ్యాంకు దగ్గర తెలివితక్కువది అయిపోయింది. ఐదేళ్లకు ఒక రోజు తెలివైనదై, మిగిలిన రోజులన్నీ తెలివితక్కువదయ్యే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

చోడవరం సంగతి చెబుతాం. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి, మాడుగుల మీదుగా అనకాపల్లి పోయే దారిలో ఉన్న ఊరది. మైదానం వాళ్లకు గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వల్ల తెలిసిన ఊరు. మాకు మాత్రం కాగితాల పని మీద వచ్చే ఊరు. కొండ దిగువన మాడుగుల, చీడికాడ, రావికమతం, రోలుగుంట మండలాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన మా ఊళ్లు చాలా ఉన్నాయి. ఏజెన్సీలో ఉన్నవాళ్లకు పాడేరు ఐటీడీఏ గుమ్మమైనా ఉంది. ఈ ఊళ్లవాళ్లకు ఆ పాటి ఆసరా కూడా లేదు. ఈకేవైసీ అన్నా, ఆధార్‌కు ఫోన్ నంబరు కలపాలన్నా, కులం సర్టిఫికెట్ అన్నా ఒక రోజు పని మానుకుని, ఆటోకు డబ్బు పెట్టి కిందికి రావాలి.

వచ్చి ఎక్కడికి పోతారు? సచివాలయంలో సర్వర్ లేదంటారు. అప్పుడు బస్టాండు దగ్గర నెట్ షాపు. అక్కడ కంప్యూటర్ తెర కుర్రాడి వైపు తిరిగి ఉంటుంది, మావాళ్లు దాని వెనక నిలబడతారు. "ఆధార్ ఇయ్యి. ఫోనియ్యి. ఓటీపీ చెప్పు. వేలెట్టు." ఇంతే మాటలు. తండ్రి వయసు మనిషిని కూడా నువ్వు అనే అంటారు. తెర మీద ఏం రాసి ఉందో ఆయనకు తెలియదు. దేనికి ఒప్పుకున్నాడో తెలియదు. పని అయిందో లేదో తెలియదు. "అయిపోయింది, పో" అంటే అయిపోయినట్టు. మళ్లీ నెల్లాళ్లకు అదే పని మీద వస్తే "అప్పుడు అవ్వలేదు" అంటారు. రెండుసార్లూ డబ్బు పుచ్చుకుంటారు.

ఆ కుర్రాడి మీద మాకు కోపం లేదు. అతనూ కూలివాడే. ప్రభుత్వం అర్థంకాని తెర తయారుచేసింది కాబట్టి అర్థం చెప్పేవాడికి గిరాకీ వచ్చింది. దళారీలను తీసేయడానికి టెక్నాలజీ తెచ్చామన్నారు. తెర అర్థం కానంతకాలం ఒక దళారీ పోతే ఇంకొకడు వస్తాడు, అంతే తేడా.

వేలిముద్ర మాకు కొత్త కాదు. షావుకారు నోటు మీద మా తాతలు వేసిన వేలిముద్రలు ఇంకా మరచిపోలేదు. ఆ నోటులో ఏం రాశాడో వాళ్లకు తెలియదు. పది రూపాయలు తీసుకుంటే ఎంత రాశాడో, పంట కుదువపెట్టారో పొలం కుదువపెట్టారో చదివి చెప్పినవాడు లేడు. అలా భూములు పోయాయి కాబట్టే 1917లో ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం వచ్చింది. 1959లో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దానికి సవరణ జరిగి 1/70 అయింది. చదవలేని మనిషి చేత వేలు వేయించుకోవడం ఎంత ప్రమాదమో చూసిన మీదటే ఈ చట్టాలు చేశారు.

అసలు ఈ వేలిముద్ర పద్ధతి ఎలా మొదలైందో చూడండి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద రోడ్డు కంకర సప్లయి చేసే మనిషి అరచేతి ముద్ర వేయించుకున్నాడు. సంతకం నాది కాదని ఆ మనిషి తర్వాత అనకుండా భయపెట్టడానికి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అంటే ఇది మొదటినుంచీ మనిషిని అనుమానించేవాడి పనిముట్టు. ముద్ర వేసినవాడికి ఏమీ చెప్పనక్కరలేదు, వేయించుకున్నవాడికి రుజువు దొరికితే చాలు. ఇవాళ్టి యంత్రంలోనూ అదే బుద్ధి ఉంది. అది మమ్మల్ని గుర్తుపడుతుంది. తాను ఏం చేస్తోందో మాకు చెప్పదు.

ఇది ఊహ కాదు, జరిగిన సంగతి ఒకటి చెబుతాం. 2017లో దేశమంతా సిమ్‌కార్డుకు ఆధార్ కలపాలని వేళ్లు పెట్టించారు. అలా పెట్టినవాళ్లలో లక్షలమందికి తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారని, వాళ్ల గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాలకు పోయిందని ఫిర్యాదులు వచ్చాయి. ఆ డిసెంబర్‌లో ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఈకేవైసీ లైసెన్సును కొంతకాలం ఆపేసింది. ఆ వేళ్లు పెట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లూ, పట్నంవాళ్లూ ఉన్నారు. మరి దాన్ని టెక్నాలజీ తెలియకపోవడం అని ఎవరూ అనలేదేం?

ఇప్పుడు ఒక్కో తెర తీసుకుని చూద్దాం.

మొదటిది పేరు. మా ఇంటిపేర్లు మా వంశాల గుర్తులు. కిల్లో అంటే పులి, కొర్ర అంటే సూర్యుడు, వంతల అంటే పాము. ఈ పేర్లను ఇంగ్లీషులో ఎలా రాయాలో ఎవరూ నిర్ణయించలేదు. వంతలలో 'త' దగ్గర ఒక ఆపరేటర్ హెచ్ పెడతాడు, ఒకడు పెట్టడు. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో కార్డులో వెనక. యంత్రానికి వీళ్లు ఇద్దరు మనుషులు. "పేరు సరిపోలలేదు" అని తెర చెబుతుంది. ఎక్కడ సరిపోలలేదో, ఏ అక్షరం తేడానో చెప్పదు. తప్పు రాసినవాడు ఆపరేటర్, దిద్దించుకోవలసినవాళ్లం మేం, డబ్బు కట్టవలసినదీ మేమే. పుట్టినరోజు కాగితం లేనివాళ్లకు అంచనా వయసు రాసి జనవరి 1 వేశారు. ఒక్కో ఊళ్లో సగం మంది ఒకే రోజున పుట్టినట్టు కార్డులున్నాయి. మా పేర్లు కూడా సోమన్న, బుధ్రి అంటూ వారాలను బట్టి వచ్చేవే ఎక్కువ. పేరూ అదే, ఇంటిపేరూ అదే, పుట్టిన తేదీ కూడా అదే అయితే వీళ్లను వేరుచేసి చూపే ఏర్పాటు తెర మీద ఉండాలా వద్దా?

రెండోది జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాయి. మా చేతిలో ఉన్న పాత కార్డుల మీద మాత్రం విశాఖపట్నం జిల్లా అనే ఉంది. దరఖాస్తులో జిల్లా ఎంచుకోమంటే ఏది ఎంచుకోవాలి? కార్డు ప్రకారం ఎంచుకుంటే ఆ జాబితాలో మా మండలం ఉండదు. కొత్త జిల్లా ఎంచుకుంటే కార్డుతో కలవదని భయం. "మీ జిల్లా మారింది, ఇప్పుడు ఇది ఎంచుకోండి" అని ఒక్క వాక్యం అక్కడ రాయడానికి ఎంత ఖర్చవుతుంది? జిల్లాలను విడగొట్టింది మేం కాదు కదా.

మూడోది కూలి డబ్బు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్ ఆధారంగానే చెల్లించాలన్నారు. దీని లోపల ఒక మెలిక ఉంది. మనిషికి రెండు మూడు ఖాతాలుంటే, ఆధార్‌ను చివరిసారి ఏ బ్యాంకుతో కలిపారో ఆ ఖాతాకే డబ్బు పోతుంది. కూలీ తాను జాబ్ కార్డుకు ఇచ్చిన పాస్‌బుక్కే చూసుకుంటాడు. ఎప్పుడో ఒక పథకం కోసం ఊళ్లోకి వచ్చినవాళ్లు తెరిచిన ఖాతాలో డబ్బు పడుతుంది. ఆయన ఆరునెలలు తిరుగుతాడు. ఆఫీసులో "నీకు పడిపోయింది" అంటారు, బ్యాంకులో "పడలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏ బ్యాంకులో పడిందో ఆ మనిషికి చెప్పే పని మాత్రం ఎవరిదీ కాదు. చోడవరం బజారులో కూరగాయలు అమ్మేవాళ్ల బండి మీద చిన్న పెట్టె ఉంటుంది. ఇరవై రూపాయలు పడినా తెలుగులో గట్టిగా చెబుతుంది. ఇరవై రూపాయలకు నోరున్న దేశంలో రెండు వారాల కూలికి నోరు లేదు.

నాలుగోది హాజరు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో హాజరు యాప్‌లోనే వేయాలన్నారు. పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలి. మా కొండల్లో సిగ్నల్ కోసం ఏ బండ ఎక్కాలో, ఏ చెట్టు కిందికి పోవాలో అందరికీ తెలుసు. ఫొటో ఎక్కకపోతే చెమట ఓడ్చిన రోజు లెక్కలోకి రాదు. ఈ యాప్ తయారుచేసినప్పుడు ఎవరికి అర్థం కావాలని చేశారు? పైన కూర్చుని చూసే అధికారికి. ఆయనకు ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది అన్నీ కనపడతాయి. ఫొటోలో నిలబడిన కూలీకి తన హాజరు పడిందో లేదో ఆ సాయంత్రం చెప్పే ఏర్పాటు లేదు. మస్టర్లన్నీ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడతాయి కదా అంటారు. నిజమే. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ అని ఒక్కొక్కటే దాటుకుంటూ ఇంగ్లీషు పట్టికల్లోకి దిగితే కనపడతాయి. అంత చేయగలిగినవాడు పలుగు పట్టుకుని చెరువులో ఎందుకుంటాడు? కూలీ దగ్గర ఉండే జాబ్ కార్డులో పనిచేసిన రోజులు రాయాలన్నది పాత నియమం. ఆ పుస్తకం చేతిలో ఉండేది, చదువుకునే పిల్లాడి చేత చదివించుకోవచ్చు. తెర వచ్చాక పుస్తకంలో రాయడం మానేశారు.

ఐదోది అన్నిటికంటే క్రూరమైనది, ఎర్ర అక్షరాల తెర. "అథెంటికేషన్ ఫెయిల్డ్." తెలుగులో అయితే "ధృవీకరణ విఫలమైనది". అడ్డాకులు కోసి, గొడ్డలి పట్టి, పసుపు ఉడకబెట్టి అరిగిపోయిన వేళ్లు మావి. యంత్రం చదవలేకపోయింది. విఫలమైనది యంత్రం. కానీ ఆ మాట చదివి చెప్పే డీలరు "నీ వేలు పడట్లేదు" అంటాడు. "ఏటయ్యింది బాబూ" అని ముసలమ్మ అడిగితే "సర్వర్ లేదు, రేపు రా" అంటాడు. వేలు పడకపోవడం, సర్వర్ లేకపోవడం, కార్డు రద్దు కావడం - ఈ మూడూ వేరువేరు సంగతులు. ఒకదానికి రేపు రావచ్చు, ఒకదానికి వేరే దారి అడగాలి, ఒకదానికి అర్జీ పెట్టాలి. ఏది జరిగిందో తెర సూటిగా చెబితే మనిషి ఏం చేయాలో తేల్చుకుంటాడు. చెప్పకపోతే ఒట్టి చేతులతో ఇంటికి పోతాడు.

ఒట్టి చేతులతో పోతే ఏమవుతుందో 2017 సెప్టెంబర్‌లో దేశం చూసింది. జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక చనిపోయింది. ఆధార్ కలపలేదని కార్డు తీసేశారని, నెలల తరబడి బియ్యం రాలేదని, అన్నం అడుగుతూ పోయిందని తల్లి చెప్పింది. ప్రభుత్వం జ్వరం అంది. కార్డు పోయిందన్న మాట మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. వేలిముద్ర కలవలేదన్న కారణంతో అర్హులకు రావలసింది ఆపకూడదని సుప్రీంకోర్టు 2018లో ఆధార్ తీర్పులో చెప్పింది. యంత్రం చదవకపోతే వేరే దారిలో ఇవ్వాలని నిబంధనలూ ఉన్నాయి. ఆ సంగతి ఎర్ర అక్షరాల కింద రాసి ఉందా? "వేలు పడకపోయినా మీకు బియ్యం ఇవ్వాలి, రిజిస్టర్‌లో రాయించుకుని తీసుకోండి" అని ఆ తెర ఒక్కసారి చెప్పి ఉంటే ఎంతమంది అడిగి తీసుకునేవారో ఆలోచించండి. హక్కు కోర్టు తీర్పులో ఉంది, తెర మీద లేదు. మా మనిషి ఎదుట ఉన్నది తెర మాత్రమే.

ఇక భాష. తెలుగులో పెట్టాం కదా అంటారు. ఏ తెలుగు అది? "సమర్పించు", "అనుసంధానించబడలేదు", "లబ్ధిదారుని ధృవీకరణ పెండింగ్‌లో ఉన్నది". ఈ తెలుగు చోడవరం బజారులో ఎవరు మాట్లాడతారు? ఇంగ్లీషు తెరను పక్కన పెట్టుకుని మాటకు మాట మార్చిన భాష ఇది. ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జయంతి అని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, విగ్రహాలకు దండలు వేస్తారు. ఆయన జీవితమంతా పోరాడింది దేనికోసం? జనం మాట్లాడే భాషలోనే రాయాలని. ఆయన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది, సభల్లో దాన్ని తక్కువ చెబుతారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. సవర వ్యాకరణం 1931లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. చెప్పదలచుకున్నవాడే ఎదుటివాడి భాషలోకి రావాలి అన్నది ఆయన చేసి చూపించిన పని. మీరు దండ వేసేది ఆయనకే అయితే, ఆ పని కూడా చేయండి.

తెలుగు బాగుపడినా మా అందరి పని అయిపోదు. కువి మాట్లాడే ఇల్లు ఉంది, కొండ భాష మాట్లాడే ఇల్లు ఉంది, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లు ఉన్నాయి. ఇవి రాయడానికి వీలుకాని భాషలేమీ కావు. ఉమ్మడి రాష్ట్రంలోనే సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో చిన్నపిల్లల వాచకాలు వేశారు. బడిలో పనికొచ్చిన భాష రేషన్ యంత్రానికి పనికిరాదా? చదవడం రానివాళ్ల మాటేమిటంటే, వినడం అందరికీ వచ్చు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు బటన్ ఫోన్‌తో ఒక నంబరుకు చేస్తే గోండిలో మాట్లాడి రికార్డు చేయవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. చదవనక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. బియ్యం రాలేదని, టీచరు రావట్లేదని, కూలి పడలేదని ఆదివాసులు తమ నోటితో చెప్పారు, అధికారులకు వినపడింది. కొద్దిమంది కలిసి అడవిలో చేయగలిగిన పని ఇంత పెద్ద ప్రభుత్వం చేయలేదా?

మా మాటకు వాళ్ల జవాబులు మాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

దొంగ మస్టర్లు ఆపాలంటే కట్టుదిట్టం తప్పదు, కష్టం భరించాలి అంటారు. దొంగ మస్టర్లు వేసింది మేం కాదు. మా పేరు మీద వేసుకున్నది వేరేవాళ్లు. ఆ కట్టుదిట్టం పనిచేసిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది - సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారు అని. అంటే దొంగకు యాప్ బాగానే అర్థమైంది. అర్థంకానిది పనిచేసినవాడికే. కూలీకి తన హాజరు, తన డబ్బు రోజూ తెలిసేలా చేసి ఉంటే దొంగను అందరికంటే ముందు పట్టుకునేవాడు ఆ కూలీయే.

ఇప్పుడు వాట్సాప్‌లోనే అన్నీ వచ్చేశాయి అంటారు. 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర మొదలుపెట్టారు. ఆఫీసు చుట్టూ తిరగకుండా ఇంట్లోనే పని జరగడం మంచిదే. మేం వద్దనం. అయితే అది స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడికి, సిగ్నల్ ఉన్నవాడికి, చదవగలిగినవాడికి సులువైంది. ఈ మూడూ లేని ఇంటికి అది ఇంకో నెట్ షాపు పనే. ఎవరికి సులువు అని అడగకుండా సులువు చేశాం అంటే సగం నిజమే అవుతుంది.

డిజిటల్ అక్షరాస్యత నేర్పుతాం అంటారు. నేర్పండి, మా పిల్లలు నేర్చుకుంటారు. కానీ తలుపు తోయాలో లాగాలో తెలియకుండా తయారుచేసి, తలుపులు తెరవడంలో శిక్షణ ఇస్తామనడం ఏం న్యాయం? అమెరికాలో డొనాల్డ్ నార్మన్ అనే మానసిక శాస్త్రవేత్త 1988లోనే ఇదే విషయం మీద పుస్తకం రాశాడు. వస్తువు వాడడం తెలియక మనిషి తికమకపడితే నింద తయారీదారుదే తప్ప వాడినవాడిది కాదన్నది అందులో ముఖ్యమైన మాట. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ పాఠం తెలియనివాళ్లు లేరు. బట్టలు అమ్మే యాప్‌లో ఒక బటన్ ఎక్కడ ఉండాలో తేల్చడానికి ఎంతమందికో చూపించి పరీక్షిస్తారు, కొనేవాడు విసిగి వెళ్లిపోతే నష్టం కాబట్టి. మేం విసిగినా వెళ్లిపోలేం. మాకు ఇంకో డిపో లేదు, ఇంకో ఉపాధి లేదు. అందుకే మమ్మల్ని ఎవరూ అడగలేదు.

రూల్స్ లేవా అంటే, అవీ ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే కేంద్ర మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. 2018లో దిద్దారు, 2023లో మూడోసారి విడుదల చేశారు. అందరికీ అందుబాటులో ఉండాలన్నది వాటి సారం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. యాసిడ్ దాడిలో కళ్లు పోయినవాళ్లు ఈకేవైసీ కోసం కెమెరా ముందు కనురెప్ప ఆడించలేక తిప్పలు పడుతున్నారన్న కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. అణగారినవాళ్లకూ, వెనకబడిన ప్రాంతాలవాళ్లకూ అందేలా చూడడం ప్రభుత్వం బాధ్యత అంది. కాబట్టి మేం దయ అడగడం లేదు. అమలు చేయమంటున్నాం.

ఏం అమలు చేయాలో కూడా చెబుతాం. అధికారులకు తెలియదని కాదు, రాసిపెడితే రేపు అడగడానికి బాగుంటుందని.

ఒకటి. వేలు పెట్టించే ముందు, ఇది దేనికోసమో యంత్రమే గట్టిగా చదివి వినిపించాలి. తెలుగులో, ఆ ఊరి భాషలో. విన్న తర్వాత వద్దు అనే బటన్ కూడా ఉండాలి.

రెండు. మాకు సంబంధించిన తెర మా వైపు తిరిగి ఉండాలి. సచివాలయంలోనూ, బ్యాంకులోనూ, నెట్ షాపులోనూ.

మూడు. పని అయినా, కాకపోయినా చేతికి ఒక చీటీ రావాలి. అయితే ఏం అయిందో, కాకపోతే ఎందుకు కాలేదో, తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో అందులో ఉండాలి. ఓటుకు 7 సెకన్ల కాగితం చూపించినవాళ్లు కూలికి ఒక చీటీ ఇవ్వగలరు.

నాలుగు. "విఫలమైనది" అనే మాట తీసేయాలి. "యంత్రం మీ వేలిని చదవలేకపోయింది, మీ బియ్యం మీకు వస్తాయి, ఇలా చేయండి" అని రాయాలి.

ఐదు. కూలి ఏ బ్యాంకులో, ఏ తేదీన, ఎంత పడిందో బటన్ ఫోన్‌కు మాట్లాడే కాల్ రావాలి. జాబ్ కార్డులో రోజులు రాయడం మళ్లీ మొదలుపెట్టాలి.

ఆరు. ప్రభుత్వం రాసిన పేరులో తప్పుంటే ప్రభుత్వమే ఉచితంగా దిద్దాలి. తేడా ఎక్కడుందో తెర చూపించాలి. అప్పటివరకు ఏ హక్కూ ఆపకూడదు.

ఏడు. కొత్త యాప్ ఏది తెచ్చినా హైదరాబాద్‌లోనో, అమరావతిలోనో, ఢిల్లీలోనో గదిలో చూసి విడుదల చేయకూడదు. రోలుగుంట కొండ మీది ఊరికి తీసుకురండి. చదువురాని పదిమంది ఆడవాళ్ల చేతికి ఇవ్వండి. పక్కన నిలబడి ఏమీ చెప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకుని వెళ్లి అక్కడ బాగుచేయండి. ఆ రోజు కూలి వాళ్లకు ఇవ్వండి, ఎందుకంటే అది మీ పని, వాళ్లు మీకు నేర్పుతున్నారు.

ఎనిమిది. ఇవన్నీ అయ్యేవరకు, అయిన తర్వాత కూడా, కాగితం దారి మూసేయకూడదు. తెర పని చేయనిచోట రిజిస్టర్‌లో రాసి ఇవ్వాలి.

ఇందులో ఏదీ కొత్త శాస్త్రం కాదు, కోట్ల ఖర్చు కాదు. బజారులో పెట్టె మాట్లాడుతోంది, ఓటు యంత్రం కూత వేస్తోంది, అడవిలో ఫోన్ గోండి మాట్లాడుతోంది. చేతకాక కాదు, మా కోసం చేయాలని అనుకోకపోవడం వల్ల ఆగింది.

మా పిల్లలకూ ఒక మాట. మీలో చాలామంది ఇంజనీరింగ్ చదువుతున్నారు, కొందరు రేపు ఈ యాప్‌లే రాస్తారు. రాసేటప్పుడు మీ అవ్వను తలుచుకోండి. ఆమెకు అర్థమైతే అది అందరికీ అర్థమవుతుంది. అప్పటిదాకా మేం మా ఊళ్లలో చెప్పేది ఇది: ఏ తెర ముందు నిలబడినా "ఇందులో ఏం రాసి ఉందో చదివి చెప్పండి" అని అడగండి. ఒకసారి కాదు, ప్రతిసారీ అడగండి. విసుక్కుంటారు, లైను ఆగిపోయిందంటారు. ఆగనివ్వండి. మా తాతలు అడగలేకపోయిన చోట భూములు పోయాయి. మనం అడుగుదాం.